ఆ ఎనిమిది వారాలు

2017 డిసెంబర్ 10. లాస్ ఏంజెలెస్ కొలీజియంలో మూడో క్వార్టర్ ముగింపుకొస్తోంది. ఫిలడెల్ఫియా ఈగల్స్ క్వార్టర్‌బ్యాక్ కార్సన్ వెంట్జ్ బంతి పట్టుకుని గోల్ గీత మీదికి తలను ముందుకు పెట్టి దూకాడు. అదే క్షణంలో ప్రత్యర్థి జట్టు ర్యామ్స్ ఆటగాళ్లు ఇద్దరు చెరో పక్క నుంచి అతన్ని గుద్దారు. ఎడమ మోకాల్లో లిగమెంట్ తెగిపోయింది. సహచరుడు చేసిన ఫౌల్ వల్ల ఆ టచ్‌డౌన్ కూడా రద్దయింది. అయినా వెంట్జ్ బయటికి రాలేదు. ఆ మోకాలితోనే మరో నాలుగు ప్లేలు ఆడాడు. నాలుగో డౌన్‌లో, అంటే ఆఖరి ప్రయత్నంలో, ఆల్షాన్ జెఫ్రీకి టచ్‌డౌన్ పాస్ విసిరాడు. ఆ సీజన్‌లో అతనికది 33వ టచ్‌డౌన్ పాస్. 1961 నుంచి సోనీ జర్గెన్సన్ పేరిట ఉన్న ఈగల్స్ రికార్డు దాంతో చెరిగిపోయింది. వెంట్జ్ ఆ ఏడాది మళ్లీ మైదానంలోకి దిగలేదు.

ఆ దెబ్బ ఎంత పెద్దదో తెలియాలంటే అమెరికన్ ఫుట్‌బాల్‌లో క్వార్టర్‌బ్యాక్ చేసే పనేమిటో తెలియాలి. క్రికెట్‌లో కోహ్లీకి గాయమైతే మిగిలిన పదిమంది తమ తమ బ్యాటింగ్ తాము చేసుకోగలరు. ఇక్కడ ఆ వీలు లేదు. దాదాపు ప్రతి ప్లేలోనూ బంతి మొదట అతని చేతికే వస్తుంది. హెల్మెట్‌లోని స్పీకర్ ద్వారా కోచ్ చెప్పిన ప్లేను మిగతా పదిమందికీ అందించేది అతనే. ఎదుటి డిఫెన్స్ నిలబడిన తీరు చూసి, అవసరమైతే ఆఖరి క్షణంలో ప్లే మార్చేదీ అతనే. రెండు మూడు సెకన్లలో బంతి ఎవరికి, ఎక్కడికి వెళ్లాలో తేల్చాలి. రిసీవర్ ఇంకా వెనక్కి తిరగకముందే బంతి గాల్లో ఉండాలి. అలాంటి లయ నెలల తరబడి కలిసి సాధన చేస్తే తప్ప కుదరదు.

ఆ సాధనలో రెండో క్వార్టర్‌బ్యాక్‌కు చోటు దాదాపు ఉండదు. వారమంతా మొదటి జట్టుతో ప్లేలు ఆడేది స్టార్టరే. రెండోవాడు ఎక్కువగా వచ్చే ఆదివారం ఎదురుపడబోయే ప్రత్యర్థిని అనుకరిస్తూ సొంత డిఫెన్స్‌కు ప్రాక్టీసు ఇస్తుంటాడు. అంటే వారమంతా పరాయి జట్టు ఆట ఆడతాడు. ఆదివారం హఠాత్తుగా పిలుపు వస్తే మాత్రం సొంత జట్టు ఆట ఆడాలి.

అందుకే ఇలాంటి దెబ్బ తగిలిన జట్లలో చాలా భాగం కోలుకోవు. 2010లో 10 మ్యాచ్‌లు గెలిచిన ఇండియానాపొలిస్ కోల్ట్స్, మెడ ఆపరేషన్ల వల్ల పేటన్ మానింగ్ ఆడని 2011లో రెండే గెలిచి 14 ఓడింది. 2008లో మొదటి మ్యాచ్‌లోనే టామ్ బ్రేడీని పోగొట్టుకున్న న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ 11 గెలిచినా ప్లేఆఫ్స్‌కు చేరలేదు. 2023లో ఆరన్ రాడ్జర్స్ మీద ఆశలన్నీ పెట్టుకున్న న్యూయార్క్ జెట్స్‌కు అతను నాలుగంటే నాలుగు ప్లేలే మిగిలాడు. నాలుగో ప్లేలో మడమ స్నాయువు తెగింది. ఆ జట్టు సీజన్‌ను 7–10తో ముగించింది.

ఈగల్స్ బెంచీ మీద ఉన్నది నిక్ ఫోల్స్. ఆ ఊరికి అతను కొత్తవాడు కాడు. 2012లో, కొత్త ఆటగాళ్లను తీసుకునే డ్రాఫ్ట్ మూడో రౌండులో ఈగల్సే అతన్ని ఎంచుకుంది. 2013లో 27 టచ్‌డౌన్ పాస్‌లు విసిరి రెండే ఇంటర్‌సెప్షన్లు (ప్రత్యర్థి చేతికి చిక్కిన పాస్‌లు) ఇచ్చాడు. ఓక్లండ్‌తో జరిగిన ఒక్క మ్యాచ్‌లోనే ఏడు టచ్‌డౌన్లు విసిరాడు. ఆ తర్వాత అతన్ని అప్పట్లో సెయింట్ లూయీస్‌లో ఉన్న ర్యామ్స్‌కు ఇచ్చేశారు. అక్కడ ఆట కుదరలేదు. 2016లో ర్యామ్స్ వదిలేసినప్పుడు ఆటే మానేద్దామనుకున్నాడు. అతన్ని మొదట ఎంచుకున్న కోచ్ ఆండీ రీడ్ అప్పటికి కాన్సస్ సిటీలో ఉన్నాడు. ఆయన పిలుపుతో ఒక ఏడాది అక్కడ ఆడి, 2017లో రెండేళ్ల ఒప్పందం మీద ఫిలడెల్ఫియాకు తిరిగొచ్చాడు. అప్పుడు వెంట్జ్ రూకీ (కొత్త ఆటగాడి) ఒప్పందంలో ఉన్నాడు కాబట్టి క్లబ్బు మీద ఆ పద్దు భారం తక్కువ. ఆ వెసులుబాటుతోనే అనుభవమున్న రెండో మనిషిని తెచ్చుకోగలిగారు. ఇది అదృష్టం కాదు, ముందుచూపుతో పెట్టిన ఖర్చు. చాలా క్లబ్బులు పొదుపు చేసేది సరిగ్గా ఇక్కడే.

ఎవరైనా గాయపడగానే అమెరికన్ ఫుట్‌బాల్ జట్లన్నీ ఒకే మాట అంటాయి, నెక్స్ట్ మ్యాన్ అప్ అని. తరువాతి వాడు లేచి నిలబడాలని దాని అర్థం. ఆ ఏడాది ఈగల్స్ అప్పటికే ఆ మాట చాలాసార్లు అనుకోవలసి వచ్చింది. లెఫ్ట్ టాకిల్ జేసన్ పీటర్స్, రన్నింగ్ బ్యాక్ డారెన్ స్ప్రోల్స్, లైన్‌బ్యాకర్ జోర్డన్ హిక్స్ సీజన్ మొత్తానికీ దూరమయ్యారు. ఆఖరికి కిక్కర్‌నూ మార్చాల్సి వచ్చింది. మిగతా స్థానాలకు ఆ నినాదం సరిపోవచ్చు. క్వార్టర్‌బ్యాక్ విషయంలో అది సగం అబద్ధమని నా నమ్మకం. వచ్చినవాడు నిలబడితే చాలదు. అతను నిలబడగలిగే చోటుకి జట్టంతా జరగాలి.

ఆ సంగతి ఈగల్స్‌కు కూడా వెంటనే తట్టలేదు. ఆ రోజు ర్యామ్స్ మీద ఫోల్స్ వచ్చి మ్యాచ్ కాపాడాడు. 43–35తో గెలిచి డివిజన్ కైవసం చేసుకున్నారు. తర్వాతి వారం జెయింట్స్ మీద అతను నాలుగు టచ్‌డౌన్లు విసిరాడు. ఆ తర్వాత ఆట తడబడింది. క్రిస్మస్ రాత్రి రెయిడర్స్‌ను ఎలాగో 19–10తో దాటారు. డిసెంబర్ 31న డాలస్ చేతిలో 0–6తో ఓడారు. ఆ మ్యాచ్‌లో ఫోల్స్ విసిరిన 11 పాస్‌లలో నాలుగే చేరాయి, వచ్చింది 39 గజాలు. వెంట్జ్ కోసం అల్లిన ఆటను ఫోల్స్ చేత ఆడిస్తే వచ్చిన ఫలితం అది.

ప్లేఆఫ్స్‌లో టాప్ సీడ్ కాబట్టి ఈగల్స్‌కు ఒక వారం విరామం దొరికింది. ఈ కథకు ఆయువుపట్టు ఆ వారమే. హెడ్ కోచ్ డగ్ పీడర్సన్, అతని సహాయకులు ఫోల్స్ పాత మ్యాచ్‌ల వీడియోలు తిరగేశారు. అతను బాగా ఆడినప్పుడు ఏం చేస్తున్నాడో చూశారు. నీకు ఏ ప్లేలు చేతికొస్తాయని అతన్నే అడిగారు. వెంట్జ్ బలం పరుగులోనూ, పట్టుబడబోతూ తప్పించుకోవడంలోనూ ఉండేది. ఫోల్స్ బలం వేరు. నిలబడ్డ చోటు నుంచే త్వరగా తేల్చుకుంటాడు, దూరపు పాస్‌ను ధైర్యంగా విసురుతాడు. అందుకే రన్-పాస్ ఆప్షన్ ప్లేలకు పెద్దపీట వేశారు. వీటిలో లైన్‌మెన్ అంతా పరుగుకు దారి చేస్తున్నట్టే కదులుతారు. క్వార్టర్‌బ్యాక్ ఎదుటి డిఫెండర్ ఒక్కడినే గమనిస్తాడు. వాడు పరుగు మీదికి వస్తే బంతిని వాడి వెనక విసురుతాడు, రాకపోతే రన్నింగ్ బ్యాక్‌కు ఇచ్చేస్తాడు. మైదానమంతా చదవాల్సిన పని ఒక్క మనిషిని చదవడానికి తగ్గుతుంది.

ఇలా ఆలోచించడానికి పీడర్సన్‌కు ఒక కారణం ఉందనిపిస్తుంది. ఆయన గ్రీన్‌బేలో బ్రెట్ ఫార్వ్ వెనక ఏళ్ల తరబడి బెంచీ మీద కూర్చున్నవాడు. అఫెన్సివ్ కోఆర్డినేటర్ ఫ్రాంక్ రైక్ అయితే బఫలోలో జిమ్ కెల్లీకి ప్రత్యామ్నాయం. 1993 జనవరిలో కెల్లీ గాయపడి ఆడలేనప్పుడు, ప్లేఆఫ్ మ్యాచ్‌లో 3–35తో వెనకబడిన జట్టును రైకే 41–38తో గెలిపించాడు. రెండోవాడు ఏం భయపడతాడో, ఏం వినాలనుకుంటాడో ఈ ఇద్దరికీ ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ కోచింగ్ గదిలో ఈ ఇద్దరూ లేకపోతే ఈ కథ ఇలా నడిచేది కాదని గట్టిగా అనుకుంటాను.

జనవరి 13న అట్లాంటా ఫాల్కన్స్ వచ్చింది. సొంతూరిలో ఆడుతున్న టాప్ సీడ్ ఈగల్సే అయినా పందేల రాయుళ్లు ఆరో సీడ్ వైపే మొగ్గారు. ఆ అవమానాన్ని ఆటగాళ్లు పట్టుదలగా మార్చుకున్నారు. గెలవదనుకునే జట్టును ఇంగ్లిష్‌లో అండర్‌డాగ్ అంటారు కదా, 15–10తో గెలిచాక ఈగల్స్ ఆటగాళ్లు లేన్ జాన్సన్, క్రిస్ లాంగ్ కుక్క ముఖాల మాస్కులు తొడుక్కుని మైదానంలో తిరిగారు. మరుసటి వారానికి ఊరంతా ఆ మాస్కులే. ఆ వారం మిన్నెసోటా వైకింగ్స్ మీద 38–7. ఫోల్స్ 33 పాస్‌లలో 26 చేర్చాడు, 352 గజాలు, మూడు టచ్‌డౌన్లు.

ఫిబ్రవరి 4న మినియాపొలిస్‌లో ఫైనల్, అంటే సూపర్ బౌల్. ప్రత్యర్థి టామ్ బ్రేడీ. మొదటి సగం ముగియడానికి 38 సెకన్లు ఉంది. నాలుగో డౌన్, గోల్‌కు ఒక గజం. పక్క గీత దగ్గరికొచ్చిన ఫోల్స్ తానే ఒక ప్లే పేరు చెప్పాడు. పీడర్సన్ క్షణం ఆలోచించి సరేనన్నాడు. బంతి నేరుగా కోరీ క్లెమెంట్‌కు, అతని నుంచి ట్రే బర్టన్‌కు. కాలేజీలో క్వార్టర్‌బ్యాక్ ఆడిన బర్టన్ దాన్ని విసిరితే, ఎవరూ పట్టించుకోని ఫోల్స్ ఎండ్‌జోన్‌లో అందుకున్నాడు. అందరూ ఆ ప్లేలోని తెలివిని మెచ్చుకుంటారు. నాకు మాత్రం ఆ సంభాషణ గొప్పగా తోస్తుంది. ఐదు వారాల క్రితం 39 గజాలతో మట్టికరిచిన ఆటగాడు దేశంలోకెల్లా పెద్ద మ్యాచ్‌లో తనే ప్లే అడిగాడు, కోచ్ ఇచ్చాడు. ఈగల్స్ 41–33తో గెలిచింది. ఆ క్లబ్బుకు అదే మొదటి సూపర్ బౌల్ విజయం, 1960 తర్వాత మొదటి టైటిల్. ఫోల్స్ 373 గజాలు విసిరి మోస్ట్ వాల్యుయబుల్ ప్లేయర్ అయ్యాడు.

వెంట్జ్ ఆ రాత్రి పక్క గీత మీదే ఉన్నాడు. అతని పేరు చివర్లో చెప్పడం అన్యాయం. ప్లేఆఫ్స్‌లో సొంత మైదానం, ఆ విరామపు వారం, అతను ఆడిన 13 మ్యాచ్‌లలోని 11 గెలుపుల పుణ్యమే. అతని వేలికి తొడిగిన విజేతల ఉంగరం దయతో ఇచ్చింది కాదు.

తర్వాతి కథ అంత సాఫీగా లేదు. 2019లో ఫోల్స్ పెద్ద ఒప్పందంతో జాక్సన్‌విల్‌కు వెళ్లి, మొదటి మ్యాచ్‌లోనే కాలర్ ఎముక విరగ్గొట్టుకున్నాడు. 2020 జనవరి 5న వెంట్జ్ జీవితంలో మొదటి ప్లేఆఫ్ మ్యాచ్ ఆడుతూ మొదటి క్వార్టర్‌లోనే తలకు దెబ్బ తగిలి బయటికొచ్చాడు. ఈసారి బెంచీ మీద ఉన్నది 40 ఏళ్ల జాష్ మెకౌన్. తొడ కండరం తెగినా చివరిదాకా ఆడాడు. సియాటిల్ 17–9తో గెలిచింది. తీరిక లేదు, విరామపు వారం లేదు, అతని చేతికి సరిపడా ఆట అల్లే సమయమే లేదు.

మూడు నెలలకు జరిగిన డ్రాఫ్ట్‌లో ఈగల్స్ రెండో రౌండ్ ఎంపికను ఇంకో క్వార్టర్‌బ్యాక్ మీద పెట్టింది. వెంట్జ్ ఉండగా ఇదెందుకని ఫిలడెల్ఫియాలో అభిమానులు మండిపడ్డారు. ఆ కుర్రాడు జేలెన్ హర్ట్స్. ఆ డిసెంబరుకల్లా స్టార్టర్ అయ్యాడు, 2025 ఫిబ్రవరిలో ఈగల్స్‌కు రెండో సూపర్ బౌల్ తెచ్చాడు. ఆ రోజు ఓడిన కాన్సస్ సిటీ జట్టులో పాట్రిక్ మహోమ్స్ వెనక రెండో క్వార్టర్‌బ్యాక్ కార్సన్ వెంట్జ్.