ఉమ్మడి కథాలోకం: స్వేచ్ఛ, హద్దులు

పలువురు అభిమానులు కలిసి ఒకే సైన్స్ ఫిక్షన్ కథామాలిక రాసేటప్పుడు ముందుగా హద్దులు నిర్ణయించుకోవాలి. ఎరిక్ ఫ్లింట్ నవల ‘1632’ (2000) ఇందుకు మంచి ఉదాహరణ. అందులో గ్రాంట్‌విల్ అనే నేటి అమెరికన్ పట్టణం 1631 నాటి జర్మనీకి చేరుతుంది. పాఠకులు ఇంటర్నెట్‌లో చర్చించుకుంటూ తామూ కథలు రాశారు. ఇందుకోసం పట్టణవాసుల పట్టిక ఒకటి తయారైంది. సంపాదకులు ఆమోదించిన కథలే ప్రధాన కథాక్రమంలో చేరాయి. ఒకరు చంపిన పాత్రను మరొకరు బతికిస్తే పాఠకుడి నమ్మకం సడలుతుంది కదా!

అయితే ఈ హద్దులు కల్పనకు సంకెళ్లు కావని గమనించండి. ఊళ్లో లేని యంత్రాన్ని ఉన్న పనిముట్లతో ఎలా తయారుచేయాలన్న ప్రశ్నే అక్కడ కథావస్తువు అవుతుంది.

అభ్యాసం: మిత్రులతో కలిసి ఒక కథాలోకాన్ని ఊహించండి. తొలి కథకు ముందే పాత్రల పట్టిక, కాలక్రమం రాసుకోండి.