కాఫీ బల్ల చుట్టూ ఒక భాష

వాషింగ్టన్ చుట్టుపక్కల మన తెలుగువాళ్లు స్థిరపడ్డ ఊళ్లలో ఒక చక్కని సామాజిక వేదిక నడుస్తోంది. దానికి కార్యాలయం లేదు, కార్యవర్గం లేదు, సభ్యత్వ రుసుము లేదు. పేరు కూడా చోటును బట్టి మారుతుంది. కొందరు డెఫ్ కాఫీ చాట్ అంటారు, కొందరు ఏఎస్ఎల్ మీటప్ అంటారు, భోజనంతో కలిపితే సైలెంట్ డిన్నర్ అంటారు. వారానికో నెలకో ఒక సాయంత్రం ఏ కాఫీ షాపులోనో, మాల్‌లోని ఫుడ్‌కోర్టులోనో బధిరులూ వినికిడి ఉన్నవాళ్లూ కలుసుకుంటారు. రెండు మూడు గంటల పాటు ఏఎస్ఎల్‌లో, అంటే అమెరికన్ సైగల భాషలో కబుర్లు చెప్పుకుంటారు. ఎవరైనా రావచ్చు. గొంతుకు మాత్రం ఆ కాసేపూ సెలవు.

పిల్లలకు భాష అందకుండా పోతుందేమోనన్న దిగులుతో తెలుగు బడులు పెట్టుకున్నవాళ్లం మనం. భాష బతకాలంటే మాట్లాడుకునే మనుషులు కావాలని మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. బధిరులకు ఆ అవసరం మనకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అమెరికాలో బధిర శిశువుల్లో నూటికి తొంభై మందికి పైగా వినికిడి ఉన్న తల్లిదండ్రులకే పుడతారు. మనకు భాష అమ్మ ఒడిలో వచ్చింది. ఆ పిల్లల్లో చాలామందికి అది బడి నుంచి, తోటివాళ్ల నుంచి, ఇలాంటి కూటముల నుంచి రావలసిందే. అందుకే ఈ సంచికలో ఈ వేదికకు చోటు ఉండాలనిపించింది.

బల్ల దగ్గర

కొత్తగా వెళ్లినవాళ్లకు మొదట కంటపడేది కుర్చీల అమరిక. అందరి చేతులూ ముఖాలూ అందరికీ కనిపించాలి కాబట్టి గుండ్రంగా కూర్చుంటారు. కిటికీకి వీపు పెట్టి కూర్చుంటే వెనక వెలుతురు వల్ల చేతులు నల్లగా కనబడతాయని చోటు మార్పిస్తారు. ఎవరినైనా పిలవాలంటే చెయ్యి ఊపుతారు, భుజం తడతారు, కాకపోతే బల్ల మీద చరుస్తారు, ఆ అదురు తెలుస్తుంది. ఇద్దరు మాట్లాడుకుంటుంటే మధ్యలోంచి వెళ్లాల్సివస్తే ఆగి క్షమాపణ చెప్పకూడదు, ఆగితే వాళ్ల మాట తెగిపోతుంది. చకచకా దాటిపోవడమే మర్యాద.

పరిచయంలో పేరును ఒక్కో ఇంగ్లీషు అక్షరం చొప్పున వేళ్లతో చెప్పాలి. వెంకటేశ్వరరావు అంటే పదిహేను అక్షరాలు. కొత్తవాళ్ల వేళ్లు సగంలో తడబడతాయి. ఎదుటి మనిషి కళ్లు తిప్పుకోకుండా ఓపిగ్గా చూస్తారు, తప్పిన అక్షరాన్ని తమ చేత్తో చూపించి అక్కడి నుంచి అందిస్తారు. కొన్నాళ్లు వస్తూపోతూ ఉంటే బధిర మిత్రులెవరో మనకో సైగ పేరు పెడతారు. దాన్ని ఎవరికి వారు పెట్టుకోకూడదు. మనల్ని తమవాళ్లుగా ఎంచినప్పుడు వాళ్లే ఇస్తారు.

ఈ భాషలో ముఖం కూడా వ్యాకరణమే. అవునా కాదా అని అడిగితే కనుబొమ్మలు పైకి లేస్తాయి. ఎవరు, ఎక్కడ, ఎందుకు అని అడిగితే ముడిపడతాయి. తల అడ్డంగా ఆడిస్తే వాక్యం వ్యతిరేకార్థంలోకి మారుతుంది. మనవాళ్లకు ఇక్కడే చిక్కు. వింటున్నాం, సరే అన్నట్టు తల అటూ ఇటూ ఊపడం మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు. అది కాదన్నట్టు కనిపించడంతో ఎదుటివాళ్లు చెబుతున్నది ఆపేస్తారు. తలను అదుపులో పెట్టుకోవడానికి కొంత సాధన కావాలి.

వినికిడి ఉన్నవాళ్లు తమలో తాము నోటితో మాట్లాడుకోవడం అక్కడ అన్నింటికంటే పెద్ద అమర్యాద. ఒక్క మాటతో పక్కనున్న బధిరులను కూటమి నుంచి వెలివేసినట్టవుతుంది.

ఇక వెళ్లొస్తామన్నాక కూడా ఎవరూ కదలరు. కోటు తొడుక్కుంటూ ఒక కబురు, తలుపు దగ్గర ఒక కబురు, పార్కింగ్‌లో దీపం కింద ఇంకో కబురు. మన ఇళ్లలో చుట్టాలను సాగనంపుతూ గుమ్మం నుంచి వీధి చివరిదాకా చెప్పుకునే మాటల్లాగే సాగుతాయి. ఆఫీసులోనూ ఇంట్లోనూ తన భాష వచ్చినవాళ్లు ఒక్కరూ లేని మనిషికి మనసు విప్పి మాట్లాడుకునే సమయం వారం మొత్తంలో ఇదొక్కటే కావచ్చు.

క్లబ్బుల నుంచి కాఫీ షాపులకు

ఈ సాయంత్రాల వెనక రెండు వందల ఏళ్ల చరిత్ర ఉంది. 1817లో థామస్ హాప్కిన్స్ గాలడెట్, ఫ్రాన్స్ నుంచి వచ్చిన బధిర ఉపాధ్యాయుడు లోరాన్ క్లెర్ కలిసి హార్ట్‌ఫర్డ్‌లో బధిరుల పాఠశాల తెరిచారు. క్లెర్ తెచ్చిన ఫ్రెంచి సైగలూ, అప్పటికే ఇక్కడున్న సైగలూ కలిసి ఏఎస్ఎల్‌గా ఎదిగాయి. 1880లో మిలాన్ నగరంలో సమావేశమైన ఉపాధ్యాయులు బడుల్లో సైగలు వద్దు, నోటి మాటే నేర్పాలని తీర్మానించారు. ఆ దెబ్బకు అమెరికాలోనూ చాలా తరగతి గదుల్లోంచి ఈ భాషను వెళ్లగొట్టారు. అది హాస్టళ్లలో పిల్లల మధ్య బతికింది. పెద్దయ్యాక వాళ్లు పెట్టుకున్న డెఫ్ క్లబ్బుల్లో బతికింది.

వాషింగ్టన్‌కు ఇందులో ప్రత్యేక స్థానం ఉంది. బధిర పాఠశాలల్లో అచ్చుపని నేర్పేవారు కాబట్టి ఇక్కడి ప్రభుత్వ ముద్రణాలయంలోనూ, వాషింగ్టన్ పోస్ట్ అచ్చుశాలలోనూ బధిరులు చాలామంది పనిచేశారు. చేతిలో ఉద్యోగం, సాయంత్రం వెళ్లడానికి క్లబ్బు ఉండేవి. తర్వాత అక్షరాల కూర్పు కంప్యూటర్ల చేతికి వెళ్లింది. 1980లో టీవీ కార్యక్రమాలకు క్లోజ్డ్ క్యాప్షన్లు మొదలై, సినిమా చూడటానికి క్లబ్బుకు వెళ్లే పని తగ్గింది. టైపు చేసి మాట్లాడుకునే ఫోన్లు ఇళ్లలోకి వచ్చాయి. క్లబ్బులు ఒకటొకటిగా మూతపడ్డాయి. కలుసుకోవాలన్న కోరిక మాత్రం మూతపడలేదు. అది కాఫీ షాపు బల్లల దగ్గరికి చేరింది.

ఇంతలో వినికిడి ఉన్నవాళ్లు ఈ భాష కోసం రావడం మొదలుపెట్టారు. వాషింగ్టన్‌లోని బధిరుల కళాశాల గాలడెట్‌లో ఇంగ్లీషు బోధించే విలియం స్టోకీ, ఏఎస్ఎల్ సొంత నిర్మాణం గల పూర్తి భాష అని 1960లో శాస్త్రీయంగా చూపించారు. ఇప్పుడు అమెరికన్ కళాశాలల్లో స్పానిష్, ఫ్రెంచి తర్వాత ఎక్కువమంది నేర్చుకుంటున్నది ఏఎస్ఎల్‌నే. 2021 లెక్కల్లో ఆ విద్యార్థులు లక్షా ఏడు వేలకు పైగా ఉన్నారు. పుస్తకంతో రాదు, మనుషుల్లోకి వెళ్లండని ఉపాధ్యాయులే వాళ్లను కాఫీ చాట్‌లకు పంపిస్తారు. అక్కడ బధిరులు జీతం తీసుకోని గురువులు. కాఫీ తాగుతూ హాయిగా గడపాల్సిన సాయంత్రాన్ని మన తప్పులు దిద్దడానికి ఇస్తున్నారు. నేర్చుకునేవాళ్లు ఆ విలువ మరచిపోకూడదు.

హెచ్ స్ట్రీట్ మీద

1864లో అబ్రహాం లింకన్ సంతకంతో డిగ్రీలిచ్చే అధికారం పొందిన కళాశాలే నేటి గాలడెట్ విశ్వవిద్యాలయం. 1988 మార్చిలో అక్కడి విద్యార్థులు తమ విశ్వవిద్యాలయానికి బధిరుడే అధ్యక్షుడు కావాలని ప్రాంగణాన్ని స్తంభింపజేశారు. వారం తిరిగేసరికి కింగ్ జోర్డాన్ తొలి బధిర అధ్యక్షుడయ్యారు. ఆ ప్రాంగణానికి దగ్గర్లోనే హెచ్ స్ట్రీట్ మీద 2018 అక్టోబరులో స్టార్‌బక్స్ తన సైగల భాష దుకాణాన్ని తెరిచింది. 2016లో కౌలాలంపూర్‌లో పెట్టినది దీనికి నమూనా. ఇక్కడ పనిచేసేవాళ్లందరికీ ఏఎస్ఎల్ వచ్చు. వాళ్ల ఏప్రన్ మీద దుకాణం పేరు వేలి అక్షరాల్లో కుట్టి ఉంటుంది. కాఫీ సిద్ధమైతే పేరు పెట్టి కేకేయరు, తెర మీద చూపిస్తారు. సైగలు రానివాళ్లు కావలసింది రాసి చూపించవచ్చు. బధిరులకు ప్రతి దుకాణంలో ఎదురయ్యే ఇబ్బంది ఇక్కడ కాసేపు మనకు ఎదురవుతుంది. పిల్లలను తీసుకెళ్లి చూపించవలసిన చోటు.

మన ఇళ్లలో

మేరీలాండ్ బధిర పాఠశాలకు ఫ్రెడరిక్, కొలంబియాలలో ప్రాంగణాలున్నాయి. రెండు చోట్లా మన కుటుంబాలు దగ్గర్లోనే ఉన్నాయి. అయినా బిడ్డకు వినబడదని తెలియగానే మనవాళ్లు మొదట అడిగేది శస్త్రచికిత్సతో చెవిలో అమర్చే వినికిడి సాధనం, కాక్లియర్ ఇంప్లాంట్ గురించే. తెలుగునాట ప్రభుత్వ ఆరోగ్య పథకం ఆరోగ్యశ్రీ కింద పిల్లలకు ఆ శస్త్రచికిత్స చేయడం మొదలయ్యాక ఆ పేరు పల్లెలకూ తెలిసింది. అది ఎందరికో మేలు చేసింది. కానీ అమర్చాక వినడం సాధన చేయాలి, ఫలితం బిడ్డ బిడ్డకూ మారుతుంది. భాష అందాల్సిన తొలి ఐదారేళ్లు మాత్రం ఎవరికోసమూ ఆగవు. ఆ ఏళ్లలో ఏ భాషా నిండుగా అందకపోతే తర్వాత చదువుకూ, మనసులో మాట చెప్పుకోవడానికీ కష్టపడాలి. ఇంప్లాంట్ వేయించినా, వేయించకపోయినా సైగలు నేర్పితే నష్టం లేదు. బిడ్డతో పాటు అమ్మానాన్నా, వీలైతే అమ్మమ్మా తాతయ్యా నేర్చుకోవాలి. ఇంటిల్లిపాదీ నవ్వుతున్నప్పుడు ఎందుకని అడిగిన బిడ్డకు తర్వాత చెబుతాలే అనడం కంటే పెద్ద అన్యాయం లేదు.

ఇండియా నుంచి వచ్చే బధిరులకు ఇంకో కష్టం ఉంది. భారతీయ సైగల భాష వేరు. వేలి అక్షరాలకు ఏఎస్ఎల్‌లో ఒక చెయ్యి చాలు, భారతీయ సైగల భాషలో రెండు చేతులూ కావాలి. హిమాచల్ ప్రదేశ్‌లో పుట్టి, పదకొండో ఏట వినికిడి పోగొట్టుకుని, 1967లో గాలడెట్‌కు వచ్చిన మదన్ వశిష్ఠ ఈ దారిలో ముందు నడిచినవారు. ఆయన సహపరిశోధకులతో కలిసి ఢిల్లీ, కలకత్తా, బొంబాయి, బెంగళూరు సైగలను పోల్చి, దాదాపు మూడొంతులు ఒకేలా ఉన్నాయని తేల్చారు. 2015లో ఢిల్లీలో భారత ప్రభుత్వం ఈ భాషకు పరిశోధన, శిక్షణ కేంద్రం పెట్టింది. 2021 నాటికి దాని నిఘంటువు పదివేల పదాలకు చేరింది. హైదరాబాద్ నుంచి వచ్చిన బధిర కోడలికో అల్లుడికో ఇక్కడి సైగలు అబ్బాలంటే కాఫీ చాట్‌ను మించిన బడి లేదు.

మనం చేయగలిగింది

మన తెలుగు సంఘానికి నా విన్నపాలు కొన్ని. ఉగాది, దసరా సంబరాల ఖర్చులో ఏఎస్ఎల్ అనువాదకులకు పద్దు పెట్టాలి. పెద్ద కార్యక్రమానికి ఇద్దరు కావాలి, వంతులవారీగా చేస్తారు. పాటలు, పద్యాల భావం ఇంగ్లీషులో రాసి వాళ్లకు ముందే అందించాలి. వేదిక కనబడేలా ముందు వరుసలో సీట్లు ఉంచాలి. సెప్టెంబరు 23 అంతర్జాతీయ సైగల భాషల దినోత్సవం. ఆ వారంలో ఒక పూట బధిరులనే పిలిచి, పారితోషికమిచ్చి, మన పిల్లలకు పాఠం చెప్పించాలి. మన హైస్కూలు పిల్లల్లో ఏఎస్ఎల్ తీసుకున్నవాళ్లను ఆ బధిర గురువులకు తోడుగా నిలబెట్టాలి.

ఇక ఇంటివారీగా చేయగలిగింది చిన్నదే. మీ ఊళ్లో కాఫీ చాట్ ఎక్కడ, ఎప్పుడు జరుగుతుందో ఈ నెలలోనే కనుక్కోండి. కుటుంబమంతా వెళ్లండి. మీ పేరు వేళ్లతో చెప్పడం, నేర్చుకుంటున్నానని చెప్పే సైగ, ఈ రెండూ వస్తే మొదటి సాయంత్రానికి చాలు. మిగతాది అక్కడివాళ్లే నేర్పుతారు.