ఎత్తు ట్యాంకులో ఏ చేపలు వేయాలి? వేసే ముందు తీయడం గురించి ఆలోచించండి

పోయిన వారం హ్యూస్టన్ నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, మూడడుగుల ఎత్తు ట్యాంకు తీసుకున్నా, 100 గాలన్లు. రేపు వెళ్లి ఎల్లో ట్యాంగ్ తెచ్చేస్తున్నా" అన్నాడు. ఆగు నాయనా, ఆగు అన్నాను. ఎందుకు ఆగమన్నానో అదే ఈ రోజు మాట్లాడుకుందాం.

ఇదిగో, నా వెనకాల కనపడుతున్న ట్యాంకు కూడా అదే కొలత. పొడవు 36 అంగుళాలు, వెడల్పు 18, ఎత్తు 36. డాలస్‌లో మా అపార్ట్‌మెంట్ హాల్లో ఒక మూల అంతే చోటు ఉండేది, అందుకని తీసుకున్నాను. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది, కాదనను. కానీ చేపల విషయంలో ఈ ట్యాంకు మనల్ని మోసం చేస్తుంది.

ఎలాగంటారా? మామూలుగా దొరికే 75 గాలన్ల ట్యాంకు తీసుకోండి. దాని పొడవు 48 అంగుళాలు, వెడల్పు 18. అంటే అడుగు వైశాల్యం 6 చదరపు అడుగులు. నాది 100 గాలన్లు, కానీ అడుగు నాలుగున్నర చదరపు అడుగులే. నీళ్లు ఎక్కువ, నేల తక్కువ. పైన నీటి ఉపరితలం కూడా అంతే కదా, గాలిలోని ఆక్సిజన్ నీళ్లలో కలిసేది ముఖ్యంగా అక్కడే. రాత్రి లైట్లు ఆపాక కోరల్స్ కూడా ఆక్సిజన్ తీసుకునేవే అవుతాయి. అందుకే గాలన్లు చూసి చేపలు లెక్కేయకండి. పవర్‌హెడ్ ఒకటి పైభాగంలో పెట్టి ఉపరితలం ఎప్పుడూ కదులుతూ ఉండేలా చూసుకోండి.

ఇక ట్యాంగ్ సంగతి. అది అడ్డంగా ఈదే చేప, రోజంతా రాళ్ల మీద నాచు గీక్కుంటూ తిరుగుతుంది. మూడడుగుల పొడవులో నాలుగుసార్లు తోక ఊపేసరికి అద్దం వచ్చేస్తుంది. ఎత్తు ఉంది కదా, పైకీ కిందకీ ఈదుతుందిలే అనుకుంటాం. ఈదదండి. ఇరుకు అనిపించిన ట్యాంగ్ మిగతా చేపల మీద పడుతుంది.

సరే, అసలు విషయానికి వస్తాను. దుకాణంలో లేబుల్ మీద 'రీఫ్ సేఫ్' అని రాసి ఉంటుంది. అంటే కోరల్స్‌ని, క్లామ్స్‌ని, రొయ్యల్ని, నత్తల్ని తినదు అని అర్థం. కొన్నింటి మీద 'రీఫ్ సేఫ్, విత్ కాషన్' అని ఉంటుంది. ఆ రెండో మాటని నేను పట్టించుకోలేదు. కోరల్ బ్యూటీ అని ఊదా, నారింజ రంగుల్లో ఉండే చిన్న ఏంజెల్ చేప తెచ్చాను. ఏడు నెలలు బంగారంలా ఉంది. ఒకరోజు పొద్దున్న చూస్తే జొయాంతిడ్స్ అన్నీ ముడుచుకుని ఉన్నాయి. నీళ్లు టెస్ట్ చేశాను, లైట్ తగ్గించాను, ఏం తేలలేదు. చివరికి కుర్చీ వేసుకుని గంటసేపు కూర్చుంటే దొరికింది దొంగ. ఒక్కో పాలిప్ దగ్గర ఆగి చిన్నగా కొరికి పోతోంది.

దాని తప్పు లేదండి. ఆ జాతి చేపలు నాచు కోసం రాళ్లని కొరుకుతూ బతుకుతాయి. కొన్ని జీవితాంతం కోరల్స్ జోలికి పోవు, కొన్ని పోతాయి. మనది ఏ రకమో ముందు చెప్పలేం.

ఇప్పుడు దాన్ని పట్టాలి. మూడడుగుల లోతు. భుజం దాకా ముంచినా నా చెయ్యి అడుక్కి చేరదు. వల పెడితే రాళ్ల సందుల్లోకి దూరుతుంది. అద్దాల బోను పెట్టాను, క్లౌన్‌ఫిష్ దూరింది కానీ అది దూరలేదు. ఆఖరికి ఒక శనివారం సగానికి పైగా నీళ్లు డబ్బాల్లోకి తోడి, మూడేళ్లుగా పెరిగిన రాళ్ల గుట్ట విప్పాల్సి వచ్చింది. ఆ హడావుడిలో అరచేతంత మోంటిపోరా విరిగిపోయింది. మా ఆవిడ తువ్వాళ్లన్నీ ఆ రోజు హాల్లోనే ఉన్నాయి, ఆ సంగతి ఇప్పటికీ వినిపిస్తూ ఉంటుంది.

అందుకే ఎత్తు ట్యాంకుకి నాది ఒకటే పరీక్ష. ఈ చేప మళ్లీ బయటకి తీయలేను అనుకున్నా కూడా వేస్తానా? 'విత్ కాషన్' రకాలన్నీ అక్కడే పోతాయి. సిక్స్‌లైన్ రాస్ కోరల్స్‌ని ఏమీ అనదు, కానీ తర్వాత వచ్చిన చిన్న చేపల్ని బతకనివ్వకపోవచ్చు. అదీ వద్దు.

మరి ఏం వేయాలి? ఎత్తుని వాడుకునే చేపలు. నాకు అన్నిటికంటే నచ్చింది రాయల్ గ్రామా. కరీబియన్ చేప, మూడంగుళాలు, ముందు సగం ఊదా, వెనక సగం పసుపు. సముద్రంలో నిలువు రాతిగోడల్ని, గుహల్ని అంటిపెట్టుకుని ఉంటుంది. గుహ కప్పుకి పొట్ట ఆనించి తలకిందులుగా ఈదుతుంది. కొత్తవాళ్లు చూసి చేపకి జబ్బు చేసిందని కంగారు పడతారు, అది దాని అలవాటు. మీరు రాళ్లు పేర్చేటప్పుడు సగం ఎత్తులో ఒక గుహ వదిలితే అది అక్కడే కాపురం పెడుతుంది. ఒక్కటే వేయండి, రెండైతే కొట్టుకుంటాయి.

రెండోది బంగాయ్ కార్డినల్. ఇండోనేషియాలో బంగాయ్ దీవుల దగ్గర పుట్టిన చేప, వెండి ఒంటి మీద నల్ల పట్టీలు. నడిమి నీళ్లలో కదలకుండా వేలాడదీసినట్టు నిలబడుతుంది. మన ట్యాంకులో ఖాళీగా కనపడే చోటు అదే కదా. మగది గుడ్లని నోట్లో పెట్టుకుని పొదుగుతుంది, పిల్లలయ్యాక కూడా కొన్నాళ్లు నోట్లోనే ఉంచుకుంటుంది, ఆ రోజుల్లో తిండి తినదు. అక్వేరియంల కోసం విపరీతంగా పట్టేయడం వల్ల సముద్రంలో వీటి సంఖ్య బాగా పడిపోయింది, ఐయూసీఎన్ దీన్ని అంతరించే ప్రమాదం ఉన్న జాబితాలో పెట్టింది. కాబట్టి ట్యాంకులో పుట్టిన పిల్లలనే అడిగి కొనండి. దొరుకుతాయి, తిండికి కూడా తొందరగా అలవాటు పడతాయి.

అడుగున ఎల్లో వాచ్‌మన్ గోబీ, దానికి తోడు పిస్టల్ రొయ్య. రొయ్య బొరియ తవ్వుతుంది, గోబీ గుమ్మంలో కాపలా కాస్తుంది. ఇసుక మీద ముందు రాళ్లు పేర్చకండి, రాళ్లు అడుగు అద్దం మీదే కూర్చోవాలి. లేకపోతే ఆ రొయ్య తవ్వకానికి గుట్ట కూలుతుంది. టెయిల్‌స్పాట్ బ్లెన్నీ ఒకటి, ట్యాంకులో పుట్టిన క్లౌన్‌ఫిష్ జత ఒకటి. అంతే, నా ట్యాంకు నిండినట్టే.

ఫైర్‌ఫిష్ కూడా బాగుంటుంది, కానీ భయపడితే గాల్లోకి ఎగురుతుంది. నాది ఒకటి సోఫా కింద ఎండిపోయి దొరికింది. పైన సన్న వల మూత లేకుండా దాన్ని తేవద్దు.

ఇంకొకటి. మచ్చల జబ్బు వస్తే వాడే రాగి మందు రొయ్యల్నీ కోరల్స్‌నీ చంపేస్తుంది, అందుకని ఈ ట్యాంకులో మందు వేయలేం, చేపని పట్టి బయటికీ తేలేం. ప్రతి చేపనీ విడిగా చిన్న ట్యాంకులో కనీసం నెల రోజులు ఉంచి, తింటోందని, ఒంటి మీద మచ్చ లేదని చూశాకే ఇందులోకి దించండి. ముందు పిరికివి, ఆఖరున క్లౌన్‌ఫిష్ లాంటి పెత్తనం చేసేవి.

హ్యూస్టన్ తమ్ముడు ట్యాంగ్ మానుకున్నాడు, ఒక గ్రామా తెచ్చుకున్నాడు. ఇప్పుడు అది తలకిందులుగా ఈదుతోందని వీడియో పంపించాడు. వచ్చే ఎపిసోడ్‌లో ఇంత లోతు ట్యాంకులో అడుగున ఏ కోరల్స్‌కి వెలుతురు సరిపోతుందో మీటర్ పెట్టి చూపిస్తాను. ఉంటానండి.