అఫ్జల్‌గంజ్‌లో దిగి నడుచుకుంటూ రండి

చార్మినార్‌కు కారులో వెళ్లొచ్చిన వాళ్లు నాకు ముందు పార్కింగు కష్టాలే చెబుతారు. ఎక్కడా చోటు దొరకలేదని, ఏదో సందులో బండి పెట్టి అది ఉందో లేదోనని బెంగపడుతూ తిరిగామని, ఫొటో తీసుకుని వచ్చేశామని. కట్టడం ఎలా ఉందంటే "బాగుంది" అంటారు, అంతే. అది వింటే నాకు మనసు చివుక్కుమంటుంది. వాళ్లు చార్మినార్‌ను చూశారు గానీ, చార్మినార్‌కు వెళ్లే దారిని చూడలేదు. ఈ కట్టడం అందం సగం ఆ దారిలోనే ఉంది.

నేను ప్రభుత్వ పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఉండేది మలక్‌పేటలో. నల్లగొండ జిల్లా నుంచి బంధువులెవరొచ్చినా, పాత విద్యార్థులు పిల్లల్ని తీసుకొచ్చినా చార్మినార్‌కు నేనే దారి చూపిస్తాను. ఎప్పుడూ ఒకటే దారి. మెట్రోలోనో సిటీ బస్సులోనో మూసీ ఒడ్డు దాకా వెళ్లడం, అక్కడి నుంచి నడక. ఆ దారే మీకూ చెబుతాను.

ముందు ఎంజీబీఎస్

హైదరాబాద్ మెట్రోలో చార్మినార్‌కు దగ్గరి స్టేషన్ ఎంజీబీఎస్. మియాపూర్, ఎల్బీనగర్ మధ్య నడిచే రెడ్ లైన్, జేబీఎస్ నుంచి వచ్చే గ్రీన్ లైన్ రెండూ ఇక్కడ కలుస్తాయి. గ్రీన్ లైన్ 2020 ఫిబ్రవరిలో మొదలైంది. సికింద్రాబాద్ రైల్వే స్టేషన్‌లో దిగినవాళ్లు సికింద్రాబాద్ వెస్ట్ స్టేషన్‌లో గ్రీన్ లైన్ ఎక్కితే నేరుగా ఎంజీబీఎస్‌కు చేరతారు. హైటెక్ సిటీ వైపు నుంచి వచ్చేవాళ్లు బ్లూ లైన్‌లో అమీర్‌పేట దాకా వచ్చి, అక్కడ రెడ్ లైన్‌లోకి మారాలి. మారడానికి మళ్లీ టికెట్ అక్కర్లేదు.

జిల్లాల నుంచి ఆర్టీసీ బస్సులో వచ్చేవాళ్లకు ఇంకా సులువు. ఇమ్లిబన్ అని అందరూ పిలిచే మహాత్మాగాంధీ బస్‌స్టేషన్, మెట్రో స్టేషన్ పక్కపక్కనే ఉంటాయి. బస్సు దిగితే మూసీ దగ్గర దిగినట్టే.

ఎంజీబీఎస్ నుంచి చార్మినార్ రెండు కిలోమీటర్ల పైచిలుకు. అంత నడవలేమనుకుంటే అఫ్జల్‌గంజ్ దాకా సిటీ బస్సులో రండి. కోఠి వైపు నుంచి పాతబస్తీకి వెళ్లే బస్సులు చాలావరకు అఫ్జల్‌గంజ్ మీదుగానే పోతాయి. అక్కడ దిగితే నడక కిలోమీటరున్నర లోపే. 2023 డిసెంబరులో మహాలక్ష్మి పథకం వచ్చాక తెలంగాణ ఆడవాళ్లకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ ఇస్తారు. మెట్రో రైలుకు మాత్రం టికెట్ కొనాల్సిందే. ఎంఎంటీఎస్‌లో ఫలక్‌నుమా వైపు వచ్చేవాళ్లు యాకుత్‌పురాలో దిగి ఆటోలో రావచ్చు. కానీ అలా వస్తే నేను చెబుతున్న దారి తప్పిపోతుంది.

నది దాటితేనే నగరం

అఫ్జల్‌గంజ్‌లో దిగగానే నయాపూల్ వైపు పరుగు తీయకండి. పక్కనే ఉస్మానియా ఆసుపత్రి ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి ఊరిని ముంచేసినప్పుడు ఆ ఆవరణలోని చింతచెట్టు మీదికెక్కి నూటయాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ వరదలో వేలమంది పోయారు. మళ్లీ అలాంటి ముప్పు రాకుండా ఏం చేయాలో చెప్పమని మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన సూచనల నుంచే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి. నేను తరగతి గదిలో ఈ పాఠం చెప్పినప్పుడు పిల్లలు రాసుకునేవాళ్లు. చెట్టు దగ్గర నిలబెట్టి చెబితే తలెత్తి కొమ్మల్ని చూసేవాళ్లు. నీళ్లు ఎంత ఎత్తున వచ్చి ఉంటాయో అప్పుడు వాళ్లకే అర్థమయ్యేది.

నయాపూల్ మీదికొచ్చాక కుడివైపు చూడండి. ఎర్రరాయి గుమ్మటాలతో కనిపించేది 1920లో ప్రారంభమైన హైకోర్టు భవనం. ఎడమవైపు ఒడ్డున సాలార్‌జంగ్ మ్యూజియం. దానికి శుక్రవారం సెలవు, గుర్తుపెట్టుకోండి. నదికి ఎగువన పురానాపూల్ ఉంది. ఇబ్రహీం కుతుబ్ షా 1578లో కట్టించిన వంతెన అది, హైదరాబాద్ నగరం కంటే పెద్దది. గోల్కొండ కోటలో జనం ఎక్కువై, నది దాటి అవతల కొత్త ఊరు కట్టుకోవాల్సి వచ్చింది. మనం వంతెన దాటడమంటే ఆ చరిత్ర నడిచిన వైపే నడవడం.

ఇప్పుడు మూసీ నీళ్లు నల్లగా పారుతుంటాయి, వాసన వస్తుంది. పిల్లలు ముక్కు మూసుకుంటారు. మూసుకోనివ్వండి. ఈ నది ఒడ్డునే ఈ ఊరు పుట్టిందని, దాన్ని ఇలా చేసింది మనమేనని వాళ్లకు చెప్పండి. అదీ చార్మినార్ పాఠంలో భాగమే.

రాతి వసారాల నీడలో

వంతెన దిగితే మదీనా చౌరస్తా. ఈ దారిలో కష్టమైన చోటు ఇదొక్కటే. నాలుగువైపుల నుంచీ బండ్లు వస్తుంటాయి. ఒక్కరే దాటాలని చూడకండి. పక్కన నిలబడ్డ స్థానికులు ఎప్పుడు అడుగేస్తే అప్పుడు వాళ్లతోపాటే అడుగేయండి. బుర్ఖాలో చంటిబిడ్డనెత్తుకున్న తల్లి దాటుతుంటే బండ్లు ఆగుతాయి. ఆమె వెనకే మీరూ దాటేయండి.

అక్కడి నుంచి పత్తర్‌గట్టీ. రోడ్డుకు రెండువైపులా ఒకే తీరులో కట్టిన రాతి దుకాణాలు, వాటి ముందు కమాన్లతో పొడవాటి వసారాలు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు కట్టించిన బజారు ఇది. ఎండా వానా తగలకుండా కొనుగోలుదారు నీడలో నడవాలని కట్టారు. మే నెలలో వచ్చినా ఇక్కడ నడవచ్చు. ముత్యాల దుకాణాలు, చీరలు, పెళ్లి షేర్వాణీలు ఇక్కడే. ఎడమవైపు సందుల్లోకి వెళితే ఛత్తాబజార్. హైదరాబాద్‌లో ఎంతోమంది పెళ్లి కార్డులు అచ్చయ్యేది అక్కడే.

మిర్యాలగూడ నుంచి మా చిన్నమ్మ వచ్చినప్పుడు ఈ వసారాలోనే ఆగాం. ఆమెకు మోకాళ్ల నొప్పులు. "ఇంకెంత దూరమే బిడ్డా?" అంటూ ఒక దుకాణం మెట్టు మీద కూలబడింది. దుకాణదారు లోపలి నుంచి స్టూలు తెచ్చి వేశాడు, నీళ్లిచ్చాడు, ఏమీ కొనమనలేదు. కాసేపయ్యాక చిన్నమ్మ రోడ్డు వైపు చూసి, "గా కమాన్లోంచి కనవడేది చార్మినారేనా?" అంది. అవునన్నాను. "గింత సక్కటి తొవ్వ ఉంటే ఆటో ఎందుకే" అని తనే లేచి నడిచింది.

ఆమె చూసింది మచిలీ కమాన్ గుండా. ఉత్తరం నుంచి వచ్చేవాళ్లకు ముందుగా ఎదురయ్యే కమాను అది. దాని లోపలి నుంచి ఇంకో కమాను, ఆ కమాను లోపలి నుంచి చార్మినార్ మీనార్లు. ఈ దృశ్యం కారు అద్దంలోంచి కనిపించదు.

నాలుగు కమాన్లు, నడుమ హౌజు

మచిలీ కమాన్ దాటితే గుల్జార్ హౌజ్. నడుమ నీటి హౌజు, చుట్టూ వెండి, ముత్యాల కొట్లు. ఇక్కడ నిలబడి ఒక్కసారి చుట్టూ తిరిగి చూడండి. ఉత్తరాన మచిలీ కమాన్, తూర్పున కాలీ కమాన్, దక్షిణాన చార్మినార్ కమాన్, పడమట షేరే బాతిల్ కమాన్. పడమటి కమాను గుండానే ఒకప్పుడు కుతుబ్‌షాహీ సుల్తానుల మహళ్లకు దారి ఉండేది. ఇప్పుడు స్కూటర్లు తిరిగే ఈ చోటు అప్పట్లో రాచనగరు ముందున్న విశాలమైన మైదానం.

చార్మినార్ కమాన్ దాటగానే కాళ్లకింద నేల మారుతుంది, రాతి పలకలు పరిచిన నేల వస్తుంది. బండ్ల పొగకూ అదురుకూ కట్టడం దెబ్బతింటోందని చార్మినార్ చుట్టూ వాహనాలను ఆపేశారు. డంగుసున్నం గచ్చుతో చేసిన ఆ లతలూ పువ్వులూ నాలుగు వందల ఏళ్లకు పైబడినవి. 2019 మే నెలలో ఒక మీనారు నుంచి గచ్చుపెళ్ల ఊడి కిందపడింది కూడా. నడిచి వచ్చేవాళ్లు ఎక్కువైతే ఈ కట్టడానికి ఆయుష్షు పెరుగుతుంది. నేను పట్టుబట్టి నడిపించడానికి ఇదొక పెద్ద కారణం.

పైకెక్కితే తెలిసేది

చార్మినార్‌ను 1591లో కుతుబ్‌షాహీ వంశంలో అయిదో సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించాడు. హిజ్రీ లెక్కలో అది వెయ్యో సంవత్సరం. నగరానికి రూపం గీసినవాడు ఆయన ప్రధాని మీర్ మోమిన్ అస్త్రాబాదీ. రెండు పెద్ద రహదారులు ఒకదాన్నొకటి ఖండించే చోట చార్మినార్‌ను నిలిపి, నాలుగు దిక్కులకూ నగరాన్ని పరిచారు. గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకు సరుకు మోసే దారి ఇటుగానే పోయేది. బందరు ఓడల్లోకి ఎక్కే సరుకు ఈ చౌరస్తా దాటి వెళ్లిందంటే, ఆంధ్ర తీరానికీ ఈ కట్టడానికీ ఎంత పాత చుట్టరికమో ఆలోచించండి.

కింద టికెట్ తీసుకుంటే మొదటి అంతస్తు దాకా ఎక్కనిస్తారు. పదిహేనేళ్ల లోపు పిల్లలకు టికెట్ లేదు. మెట్లు ఇరుకు, ఎత్తు, మలుపులు తిరుగుతూ పోతాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కిందే కూర్చోవడం మేలు. పైకెళ్లాక ఉత్తరం వైపు కమాను దగ్గర నిలబడండి. మీరు నడిచొచ్చిన దారంతా అక్కడి నుంచి తిన్నగా కనిపిస్తుంది, కమాన్ల వరస, హౌజు, పత్తర్‌గట్టీ. దారిని కాళ్లతో కొలిచి వచ్చిన పిల్లలకు మీర్ మోమిన్ గీసిన పటం ఏమిటో అప్పుడు వేరే చెప్పక్కర్లేదు. మిగతా మూడు వైపులా కూడా చూడండి. దక్షిణాన మక్కా మసీదు, పడమట లాడ్‌బజార్. గడియారాలు 1889లో పెట్టినవి.

దిగాక లాడ్‌బజార్‌కు వెళ్లండి. కొనకపోయినా లక్క గాజు చేసే చోట కాసేపు ఆగండి. కుంపటి మీద వేడిచేసిన లక్కను పలక మీద సన్నగా దొర్లించి, రంగు లక్క పూసి, చేతికి సరిపడా కోసి, వేడి మీదే రెండు కొసలూ అతికిస్తారు. తర్వాత కొయ్య రూళ్ల మీదికి ఎక్కించి గుండ్రంగా సర్దుతారు. ఇక ఒక్కో రాయినీ మొనదేలిన పుల్లతో ఎత్తి, మెత్తబడిన లక్కలో అద్దడమే. చెయ్యి ఆగిందా, లక్క గట్టిపడుతుంది, మళ్లీ నిప్పు చూపించాలి. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో జీఐ గుర్తింపు వచ్చింది. ఆ వేళ్లను చూశాక గాజుల బేరం ఆడడానికి నాకు నోరు రాదు.

వెళ్లే ముందు

పొద్దున తొమ్మిదికల్లా అఫ్జల్‌గంజ్‌లో దిగేటట్టు బయల్దేరండి. అక్కడక్కడా ఆగుతూ నడిస్తే గంటన్నర పడుతుంది. ఆగకపోతే అరగంట కూడా పట్టదు. చార్మినార్ పైకి సాయంత్రం దాకా ఎక్కనిస్తారు. లాడ్‌బజార్ కొట్లు మాత్రం పొద్దెక్కాకే తెరుస్తారు. శుక్రవారం మధ్యాహ్నం మక్కా మసీదులో నమాజుకు జనం పెద్ద ఎత్తున వస్తారు, ఆ వేళ తప్పించండి. రంజాన్ రాత్రుల్లో ఈ దారంతా వెలుగే. అయితే చంటిపిల్లలతో ఆ రద్దీలోకి రావద్దు. మెత్తటి చెప్పులు, నీళ్ల సీసా, చేతిసంచీ చాలు. అలసిపోతే చార్మినార్ పక్కనే ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్ దొరుకుతాయి. తిరుగు ప్రయాణానికి ఓపిక లేకపోతే అఫ్జల్‌గంజ్ దాకా ఆటో మాట్లాడుకోండి.

ఇంకా కావాల్సినవి

ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా సుమారు 7.5 కిలోమీటర్ల మెట్రో మార్గం ప్రణాళికలో ఉంది. 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది. అందులో చార్మినార్ పేరుతో ఒక స్టేషన్ వస్తుంది. కట్టడానికి అర కిలోమీటరు దూరంలో ఉంటుందని చెప్పారు. అది రావాలి. పాతబస్తీలో ఉండేవాళ్లకు ఉద్యోగాలకూ కాలేజీలకూ వెళ్లడానికి ఆ రైలు ఎంతో అవసరం. కానీ ఆ స్టేషన్ వచ్చాక నయాపూల్ దారిని అందరూ మరిచిపోతే మాత్రం అన్యాయం.

ఈ దారికి కావాల్సినవి ఎక్కువేం లేవు. అఫ్జల్‌గంజ్ నుంచి మదీనా దాకా బండ్లు ఎక్కని కాలిబాట, మదీనాలో మనుషులు దాటడానికి ప్రత్యేకంగా సిగ్నల్, పత్తర్‌గట్టీలో పెద్దవాళ్లు కూర్చోవడానికి అక్కడక్కడా రాతి అరుగులు, ఆడవాళ్లకు శుభ్రమైన మరుగుదొడ్లు, మచిలీ కమాన్ దాకా తెలుగులో, ఉర్దూలో దారిచూపే బోర్డులు. చార్మినార్ ముందు వాహనాలు ఆపడం సాధ్యమైనప్పుడు ఇవి సాధ్యం కాకపోవడమేమిటి? నడిచేవాళ్లు పదిమంది ఉన్నంత కాలం ఎవరూ పట్టించుకోరు. పదివేల మంది నడిస్తే కాలిబాట తనంతట తానే రాకపోయినా, కావాలని అడిగే గొంతుకు బలం వస్తుంది. అందుకే ఈసారి హైదరాబాద్ వచ్చినప్పుడు బండి ఇంట్లోనే వదిలి రండి. అఫ్జల్‌గంజ్‌లో దిగండి. ఆ పదివేలలో మీరూ ఒకరు కండి.