197 ఐక్యూ ‘స్కార్పియన్’: కథెంత, నిజమెంత?

అమెరికాలో సీబీఎస్ చానల్ 2014 నుంచి 2018 దాకా ‘స్కార్పియన్’ అనే సీరియల్ ప్రసారం చేసింది. అందులో హీరో వాల్టర్ ఓబ్రయన్. అదే పేరు గల మనిషి నిజంగానే ఉన్నారు. ఐర్లండ్‌లో పుట్టి, ఇంగ్లండ్‌లోని ససెక్స్ యూనివర్సిటీలో కంప్యూటర్లు చదివి, అమెరికాలో కంపెనీ పెట్టుకున్నారు. సీరియల్ నిర్మాతల జాబితాలోనూ ఆయన పేరుంది. తన గొప్పతనం గురించి ఆయన చెప్పినదాన్నే సీరియల్ చెప్పింది, సీరియల్ చెప్పిందని జనం నమ్మారు.

అపోహ: ఆయన ఐక్యూ 197. ప్రపంచంలో నమోదైనవాటిలో నాలుగోది. ఐన్‌స్టీన్‌ది 160 మాత్రమే.

వాస్తవం: ఐన్‌స్టీన్ ఐక్యూ పరీక్ష రాసినట్టు ఎక్కడా దాఖలా లేదు. 160 అనేది తర్వాతివాళ్లు అంటగట్టిన అంకె. ఇక నాలుగో స్థానం ఏ జాబితాలో? ఐక్యూ రికార్డులకు గుర్తింపు పొందిన ప్రపంచ జాబితా ఏదీ లేదు. గిన్నిస్ వాళ్లు సైతం ‘అత్యధిక ఐక్యూ’ అనే విభాగాన్ని 1990లోనే ఎత్తేశారు, ఆ కొలతలు నమ్మదగ్గవి కావని.

197 సంగతి ఇంకా తమాషా. నేటి పరీక్షల్లో సగటు 100. వాటి లెక్క ప్రకారం 197 అంటే సుమారు 2,000 కోట్ల మందిలో ఒకరికి రావాలి. భూమ్మీద ఉన్నదే 800 కోట్ల పైచిలుకు. పైగా పేరున్న పరీక్షలు చాలావరకు 160 దగ్గరే ఆగిపోతాయి. పిల్లల మానసిక వయసును అసలు వయసుతో భాగించే పాత పద్ధతిలో ఇలాంటి అంకెలు వచ్చేవి, నిజమే. కానీ వాటిని పెద్దవాళ్ల స్కోర్ల పక్కన పెట్టి ర్యాంకులు ఇవ్వడం కుదరదు. ఓబ్రయన్ స్కోరుకైతే ధ్రువపత్రమే బయటికి రాలేదు.

అపోహ: 13 ఏళ్లకే నాసాను హ్యాక్ చేస్తే అమెరికా అంతర్గత భద్రత చూసే హోంల్యాండ్ సెక్యూరిటీ వాళ్లు ఇంటికొచ్చారు.

వాస్తవం: ఓబ్రయన్ పుట్టింది 1975లో. అంటే ఇది 1988 నాటి మాట. హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ పని మొదలుపెట్టింది 2003లో! నాసా ఈ హ్యాకింగ్‌ను ధ్రువీకరించిందీ లేదు. నిజంగా నాసాలోకి చొరబడిన కుర్రాడి కేసు ఎలా ఉంటుందో చూడాలంటే ఫ్లోరిడాకు చెందిన జోనథన్ జేమ్స్‌ను చూడాలి. 1999లో, 15 ఏళ్ల వయసులో అతను చేసిన పనికి నాసా తన కంప్యూటర్లు కొన్నింటిని 21 రోజులు ఆపేసింది. 2000లో శిక్ష పడింది. మైనరే అయినా అమెరికా న్యాయశాఖ అతని కేసు వివరాలు ప్రకటించింది.

అపోహ: 2013లో బోస్టన్ మారథాన్ బాంబర్లను పట్టించింది ఆయన సాఫ్ట్‌వేరే.

వాస్తవం: ఈ మాట అన్నది ఆయనే. దర్యాప్తు సంస్థలు అనలేదు. ఏప్రిల్ 15న పేలుళ్లు జరిగాయి. నిఘా కెమెరాల దృశ్యాలు జల్లెడ పట్టి 18న ఎఫ్‌బీఐ అనుమానితుల ఫొటోలు విడుదల చేసింది. మర్నాడు రెండో వ్యక్తి దొరకడానికి కారణం వాటర్‌టౌన్‌లోని ఓ ఇంటాయన. పెరట్లో తన పడవ మీది కవరు చెదిరి ఉండటం చూసి పోలీసులకు ఫోన్ చేశారు. పాపం, ఆయన మీద సీరియల్ రాలేదు.

అపోహ: విమానం నుంచి వేలాడే కేబుల్‌ను రన్‌వే మీద దూసుకెళ్లే కారులోని లాప్‌టాప్‌కు తగిలించి సాఫ్ట్‌వేర్ దించుకోవచ్చు.

వాస్తవం: మొదటి ఎపిసోడ్‌లోని ఈ విన్యాసం మీద వాదనే అనవసరం. అసలు ఆ కథలో చూపినట్టు కంట్రోల్ టవర్ చేతులెత్తేసినా విమానాలు గాల్లో చిక్కుకుపోవు. వేరే విమానాశ్రయానికి మళ్లేందుకు సరిపడా ఇంధనం ముందే ఉంచుకుంటాయి.

ఇంతకీ ఆయన ప్రోగ్రామరే కాదా అంటే, ముమ్మాటికీ ప్రోగ్రామరే. 1993లో అర్జెంటీనాలో జరిగిన అంతర్జాతీయ ఇన్ఫర్మాటిక్స్ ఒలింపియాడ్‌లో ఐర్లండ్ తరఫున పాల్గొన్నారు. అది గౌరవించదగ్గ సంగతి, రికార్డుల్లో ఉన్న సంగతి. ‘స్కార్పియన్’ నాలుగు సీజన్లూ కాలక్షేపానికి హాయిగా చూడొచ్చు. ఈ 197 కథ మీ వాట్సాప్ గ్రూపులోకి వస్తే మాత్రం, పంపినవారిని ఆ పరీక్ష మార్కుల కాగితం కూడా పంపమనండి.