బందరు కోటలో తెల్లదొరల తిరుగుబాటు



సిపాయిలు తిరుగబడిరన్న మాట మనము విన్నదే. 1780 వ సంవత్సరము అక్టోబరు 3 వ తేదీని విశాఖపట్టణమున, హైదరాలీతో యుద్ధమునకై తమ్ము ఓడ నెక్కించి మద్రాసునకు పంపనున్నారని విని, సిపాయిలు తుపాకులు తమ దొరలపైననే త్రిప్పిరి. నరసన్నపేటవా రెఱుగదగిన పొరుగు కథయే అది. కాని ఆ దొరలే ఒకనాడు తమ ప్రభుత్వముపై తిరుగబడిరని యెఱిగినవారు కొలదిమంది. అది జరిగినది 1809 లో. దాని ముఖ్యస్థానములలో ఒకటి మన తెలుగు నేలమీది బందరు కోట.

కలహమునకు మూలము డేరాల గుత్త. సిపాయి పటాలము నేలు దొరకు, గుడారములకును వానిని మోయు ఎద్దులకును నెలనెల ఒక మొత్తము ముట్టుచుండెను. పటాలము దండు వెడలినను, ఊరక కూర్చున్నను సొమ్ము అంతయే. చెఱువు మరమ్మతు గుత్తకు తీసికొన్నవాడు గండి పూడ్చకున్న మిగులు ఎవరిదో మీకు చెప్పనక్కఱలేదు. కర్నల్ మన్రో యను ఉద్యోగి ఈ లోపమును వ్రాసిపెట్టగా, 1808 లో ప్రభుత్వము గుత్తను రద్దుచేసెను. (ఈయన జాన్ మన్రో, మనవారు తలచుకొను థామస్ మన్రో కాడు.) లాభము తిన్నవారు పెద్ద దొరలు, ఏనాటికైన తమకును అందునని కాచుకొన్నవారు చిన్న దొరలు. ఇరువురును తమ్ము దొంగలనిరని మండిపడిరి. సేనాధిపతి మెక్‌డోవెల్ వారి పక్షము వహించి, మన్రోను నిర్బంధించి, ప్రభుత్వము విడిపింపగా ఘాటైన ఉత్తరువు నొకటి వెలువరించి ఓడ యెక్కెను. ఆ ఓడ సముద్రమున మునిగిపోయెను. గవర్నరు సర్ జార్జి బార్లో, ఆ ఉత్తరువుపై సంతకము చేసిన మేజరు బోల్సును పనినుండి తొలగించెను. చెప్పినట్లు చేసినవానికి శిక్షయా యని సైన్యమంతట అలజడి పుట్టెను. బార్లో మొండివాడు, నచ్చజెప్పుట ఆయన కలవాటు లేదు.

బందరులో తెల్లసోల్జర్ల పటాలమొకటి యుండెను. దాని నేలుటకు వచ్చిన కర్నల్ ఇన్నెస్ మొదటి విందులోనే చిన్న దొరల మాటలకు కినిసి పైకి వ్రాయగా, ఒక లెఫ్టినెంటును కొండపల్లికి పంపివేసిరి. అంతలో ఆ పటాలమువారిని కొందరిని యుద్ధనౌకలపై పనికి పంపవలెనని ఉత్తరువు వచ్చెను. తమ్ము చీల్చుటకే యిది యని దొరలు జూన్ 25 న ఇన్నెస్‌ను నిర్బంధించి, మేజరు స్టోరీని నాయకునిగా నిలిపిరి. విశాఖలో సిపాయిలు వెఱచినది ఓడకే. బందరులో దొరలు వెఱచినదియు ఓడకే.

హైదరాబాదు, జాల్నా, శ్రీరంగపట్టణము దండులును వీరితో చేయి కలిపెను. జూలైలో సర్ జాన్ మాల్కం బందరు వచ్చి, వారితో కూర్చుండి త్రాగి, తియ్యగా మాటలాడి చూచెను. బార్లోకు ఆ తియ్యదనము రుచింపలేదు. విధేయతాపత్రముపై ప్రతి దొరయు సంతకము చేయవలెనని జూలై 26 న ఆజ్ఞాపించెను. మొదట చేసినవారు బహు కొద్ది. అంతట ప్రభుత్వము దొరలను దాటి, సుబేదారులకును జమాదారులకును తన మాట తిన్నగా తెలియజేసెను.

ఇక సిపాయి గతి చూడుడు. ఆగస్టు 11 న చిత్రదుర్గమునుండి రెండు పటాలములు తమ దొరల వెంట శ్రీరంగపట్టణమునకు నడచుచుండగా, రాజుగారి గుఱ్ఱపుదళమును మైసూరు రౌతులును పైబడి చెల్లాచెదరు చేసిరి. నేలగూలినవారు సిపాయిలు. డేరాల గుత్తలో వారికి కాసంత పాలు లేదు. నడువుమని దొర చెప్పగా నడచిరి; ఆ దొరయే ద్రోహి యని వారి కెట్లు తెలియును?

ఆ దినముననే హైదరాబాదు దొరలు లొంగిరి, తక్కినవారు వెంబడించిరి. గవర్నరు జనరలు మింటో ప్రభువు సెప్టెంబరులో మద్రాసు వచ్చి, ఇరువదిమందికి కొంచె మెచ్చుతక్కువగా విడిచి తక్కినవారి నందఱిని క్షమించెను. శ్రీరంగపట్టణపు కర్నల్ బెల్, బందరు స్టోరీ ఉద్యోగములు కోల్పోయిరి. జాల్నా కర్నల్ డవ్టన్ నిర్దోషి యనిపించుకొనెను. తొలగింపబడినవారిలో పెక్కుమంది క్రమముగా మరల కొలువులో చేరిరి. మూడేండ్లకు ముందు, 1806 లో, క్రొత్త తలపాగాల విషయమున వేలూరులో తిరుగబడిన సిపాయిలలో కొందఱిని ఫిరంగులకు కట్టి పేల్చిరి, కొందఱిని ఉరిదీసిరి. 1809 నాటి దొరలలో ఒక్కనికిని మరణశిక్ష పడలేదు. బార్లోను మాత్రము 1812 లో సీమకు పిలిపించుకొనిరి.