ఫోను అందరిదీ... లాభం కొందరిదే!

2024 జులై మొదటి వారం. రీఛార్జి ధరలు పెరిగాయని ఇంటిల్లిపాదీ విసుక్కుంటుంటే, టెలికం షేర్లున్న ఇంటిపెద్ద మాత్రం ఆ వార్తని రెండుసార్లు చదివి లోలోపలే మురిసిపోయాడు. జియో, ఎయిర్‌టెల్‌, వొడాఫోన్‌ ఐడియా... ఒకదాని వెనుక ఒకటి రేట్లు పెంచాయి మరి! ఈ షేర్లు కొన్నవారి కబుర్లెప్పుడూ అంతే. జనానికి చేదైంది వాళ్లకి తీపి. జనం పండగ చేసుకుంటే వాళ్లకి నిద్ర పట్టదు.

అలా నిద్ర పట్టని రోజు 2016 సెప్టెంబరు 5. జియో వచ్చింది. కాల్స్‌ ఎప్పటికీ ఉచితం, డేటా 2016 డిసెంబరు వరకూ ఉచితం అంది. ఊరిస్తే వచ్చే సిమ్ముకోసం జనం బారులు తీరారు. మిగతా కంపెనీల షేర్లున్నవాళ్లు లెక్కలు వేసుకున్నారు.

'ప్రతి చేతిలోనూ ఫోనుంది, ఇక నష్టమెలా వస్తుంది?'... చాలామంది ఈ ఒక్క ధీమాతోనే షేర్లు కొన్నారు. కానీ స్పెక్ట్రమ్‌కీ టవర్లకీ వేల కోట్లు ముందే పోయాలి. అదంతా అప్పు. వడ్డీ ఆగదు, రేట్లేమో పోటీలో పడిపోతాయి. 1995లో నిమిషానికి 16 రూపాయలున్న మాట ధర చివరికి పైసల్లోకి వచ్చింది. అందుకే అనుభవమున్న మదుపరులు ఖాతాదారుల సంఖ్య కన్నా, ఒక్కొక్కరి నుంచి నెలకి సగటున ఎంత వస్తోందన్నదే ముందు చూస్తారు.

మన హైదరాబాద్‌ కథే చూడండి. తొలినాళ్లలో ఇక్కడ సెల్‌ఫోనంటే జేటీ మొబైల్‌ లేదా టాటా సెల్యులార్‌. మొదటిది భారతి చేతికొచ్చి ఎయిర్‌టెల్‌ అయింది. రెండోది ఐడియాలో కలిసింది. 2002లో భారతి ఒక్కో షేరు 45 రూపాయలకిచ్చింది. ఆ తర్వాత ధర ఇంకా కిందికి జారింది కూడా. అయినా అమ్మకుండా ఉంచుకున్న వంద షేర్లు 2009లో విభజనతో రెండొందలయ్యాయి. 2024 ఆగస్టులో షేరు పదిహేను వందలు దాటింది. అంటే 4,500 రూపాయలు మూడు లక్షలయ్యాయన్నమాట!

2007లో ఐడియా 75 రూపాయలకిచ్చిన షేరో? 2018లో వొడాఫోన్‌తో కలిశాక, 2019 నవంబరులో మూడు రూపాయల లోపుకి పడిపోయింది. వంద షేర్లకి మూడొందలైనా రాని పరిస్థితి. ఇక రిలయన్స్‌ కమ్యూనికేషన్స్‌ది మరో బాధ. సోదరుల పంపకాల్లో రిలయన్స్‌ వాటాదార్లకి ఉచితంగా అందిన షేరది. 2008 జనవరిలో 800 రూపాయలు దాటినప్పుడు అమ్ముకున్నవాళ్లు అదృష్టవంతులు. కంపెనీ 2019లో దివాలా ప్రక్రియకి చేరింది. అప్పులవాళ్లకే పూర్తిగా రాని చోట వాటాదారుడి వంతు అందరికన్నా చివర!

ఐడియాని ముంచింది పోటీ ఒక్కటే కాదు. ప్రభుత్వానికి కట్టే వాటాని ఏ ఆదాయం మీద లెక్కగట్టాలన్న పాత తగాదా ఒకటుంది. ఫోన్ల మీద వచ్చినదానిపైనే అన్నాయి కంపెనీలు. వడ్డీ, పాత సామాను అమ్మితే వచ్చిన డబ్బు... అన్నీ కలపాలంది ప్రభుత్వం. 2019 అక్టోబరు 24న సుప్రీంకోర్టు ప్రభుత్వం మాటే నిజమంది. బకాయి, దానిమీద వడ్డీ, జరిమానా, జరిమానా మీద వడ్డీ! 2019 జులై-సెప్టెంబరు త్రైమాసికంలో వొడాఫోన్‌ ఐడియా నష్టం 50,921 కోట్లు. దేశంలో ఏ కంపెనీకీ అప్పటిదాకా అంత రాలేదు. ఎయిర్‌టెల్‌కీ వేల కోట్ల బకాయి పడింది. కానీ దానికి ఖాతాదార్లు నిలిచారు. విలీనంనాడు 40 కోట్ల పైచిలుకున్న వొడాఫోన్‌ ఐడియా ఖాతాదార్లు 2024కల్లా దాదాపు సగమయ్యారు.

చివరికి బకాయిలకు బదులు ప్రభుత్వమే షేర్లు తీసుకుంది. పది రూపాయల చొప్పున 2023లో మూడో వంతు, 2025లో ఇంకొన్ని కలిపి 49 శాతం దాకా. మధ్యలో 2024 ఏప్రిల్‌లో పదకొండు రూపాయలకి 18 వేల కోట్ల ఇష్యూ వస్తే, 'ప్రభుత్వమే ఉందిగా, మునగనిస్తుందా?' అంటూ కొన్నవాళ్లున్నారు. 'మునగనివ్వకపోవచ్చు, మన షేరుని తేలుస్తుందని ఎవరన్నారు?' అని 2007లో 75 రూపాయలు పెట్టినవాళ్లు అడుగుతూనే ఉన్నారు.